దుష్టుడి చేను ఎందుకు పచ్చగా ఉంటుంది?

పంట ఇంటికొచ్చాక కర్నూలు, కడప పల్లెల్లోని పాత చర్చిల్లో కోత పండుగ చేస్తారు. బలిపీఠం ముందు చాప పరిచి, ఎవరి సేద్యంలో వచ్చింది వాళ్ళు తెచ్చి పెడతారు. పడి కొర్రలు, సంచిలో బుడ్డలు (వేరుశెనగ కాయలు), కాళ్ళు కట్టేసిన నాటుకోడి, ఒక గుమ్మడికాయ. ఆరాధన అయ్యాక వాటికి వేలం పాట. సంతలో యాభై రూపాయలు పలికే గుమ్మడికాయ ఆ రోజు వెయ్యికి పోయినా ఎవరూ ఆశ్చర్యపోరు. పాట పెంచేవాడెవరో ఊరందరికీ తెలుసు. నూటికి ఐదు రూపాయల వడ్డీకి అప్పులిచ్చి, తీర్చలేనివాళ్ళ పొలాలు రాయించుకున్నవాడే ఆ పాట పాడటం అరుదేమీ కాదు. పాస్టరుగారు ఆయన తలమీద చెయ్యి పెట్టి, దేవుడు ఇంకా దీవించాలని ప్రార్థిస్తారు. చప్పట్లు మోగుతాయి. పడి బుడ్డలు తెచ్చిన ముసలామె వెనక వరసలో కొంగు సర్దుకుని కూర్చుని చూస్తూ ఉంటుంది. పొలం పోయింది ఆమెదే కావచ్చు.

ఆమె మనసులో మెదిలే ప్రశ్న పైకి వస్తే, విశ్వాసం తగ్గిందంటారు. కానీ ఆ ప్రశ్న బైబిల్లోనే ఉంది. ఎక్కడో మూల కూడా కాదు, నడిమింట్లో ఉంది. "దుష్టులు తమ మార్గములలో వర్ధిల్లనేల?" అని యిర్మీయా ప్రవక్త దేవుణ్ణి నేరుగా అడిగాడు. భక్తిహీనులు ముసలితనం దాకా బతికి బలం పుంజుకుంటారెందుకని యోబు అడిగాడు. వాళ్ళ ఎద్దులు చూలు కట్టించడంలో తప్పవు, వాళ్ళ ఆవులు ఈచుకుపోవు, వాళ్ళ పిల్లలు గంతులేస్తుంటారని రైతు కళ్ళతో లెక్క చెప్పాడు కూడా. హబక్కూకు ప్రవక్తది ఇంకా పెద్ద గొడవ. ఆసాపు అయితే దేవాలయంలో పాటలు పాడే కుటుంబానికి మూలపురుషుడు. అతని పేరున్న 73వ కీర్తన మొదలే ఒక ఒప్పుకోలు. గర్విష్ఠుల క్షేమం చూసి అసూయ పడ్డానని, కాలు జారబోయిందని చెప్పుకున్నాడు. వీళ్ళెవరూ నాస్తికులు కాదు. వీళ్ళ ఫిర్యాదులు తీసి పారేయకుండా ఆరాధనలో చదువుకునే పుస్తకంలోనే దాచుకున్నారు.

అసలు ఈ ప్రశ్న పుట్టడానికి వెనక ఒక లెక్క ఉంది. మంచివాడికి మంచి జరగాలి, చెడ్డవాడికి చెడు జరగాలి. ఆ లెక్క గాలిలోంచి రాలేదు. ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయం మాట వింటే గంపలో, పిండి పిసికే తొట్టిలో కూడా దీవెన ఉంటుందంటుంది. సామెతల గ్రంథం నిండా ఇదే వరస. శ్రద్ధగా పనిచేసేవాడు బాగుపడతాడు, సోమరి చెడతాడు. మొత్తం మీద లోకం ఇలాగే నడుస్తుంది కూడా. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఆ లెక్కను తిరగేసి చదివినప్పుడు. బాగుపడ్డాడు కాబట్టి దేవుడు మెచ్చినవాడు, చితికిపోయాడు కాబట్టి ఏదో తప్పు చేసినవాడు అని. బొలెరో అద్దం మీద 'దేవుని కృప' అని రాయించుకోవడంలో తప్పు లేదు. ఆ బండి ఏ డబ్బుతో వచ్చిందో అడగకుండా ఆ స్టిక్కర్ అడ్డం పడితేనే తంటా.

ఆస్తి, పిల్లలు, ఆరోగ్యం అన్నీ పోయిన యోబును చూడవచ్చిన స్నేహితులు చేసింది ఈ తిరగేసిన లెక్కే. ఎలీఫజు, బిల్దదు, జోఫరు ఏడు రోజులు మాట్లాడకుండా పక్కన కూర్చున్నారు, అంతవరకు బాగానే ఉంది. నోరు తెరిచాక మాత్రం, నీ పాపమే ఇదంతా అని తేల్చేశారు. చివర దేవుడు కోప్పడింది వాళ్ళ మీద. తనతో అంత గట్టిగా వాదించిన యోబే నా గురించి యుక్తంగా మాట్లాడాడనీ, మీరు మాట్లాడలేదనీ వాళ్ళతో అన్నాడు. ధనం వచ్చిందంటే దేవుడి సర్టిఫికెట్ వచ్చినట్టే అని బోధించే సభలు ఈమధ్య కర్నూలు, అనంతపురం టౌన్లలో కూడా బాగా పెరిగాయి. ఎలీఫజు వారసులు అక్కడ మైకు పట్టుకున్నారనిపిస్తుంది.

రాజుల గ్రంథాలు చదివితే ఈ లెక్క ఇంకా దెబ్బతింటుంది. యూదా రాజులందరిలో ఎక్కువ కాలం పాలించింది మనష్షే. 12 ఏళ్ళకు సింహాసనం ఎక్కి 55 ఏళ్ళు కూర్చున్నాడు. కన్నకొడుకును అగ్నిగుండం దాటించాడు, యెరూషలేమును ఈ కొస నుంచి ఆ కొస దాకా నిరపరాధుల రక్తంతో నింపాడు. అతని మనవడు యోషీయా అంత భక్తిగల రాజు ముందూ లేడు, వెనకా లేడని అదే గ్రంథం అంటుంది. విగ్రహాలు పడగొట్టాడు, మరుగున పడిన ధర్మశాస్త్ర గ్రంథం బయటపడితే బట్టలు చించుకుని ఏడ్చాడు. అతను ఏలింది 31 ఏళ్ళు. 39 ఏళ్ళ వయసులో మెగిద్దో దగ్గర ఐగుప్తు రాజు నెకో చేతిలో చచ్చిపోయాడు. తర్వాత వచ్చిన దినవృత్తాంతాల గ్రంథం ఇక్కడ కొంత సర్దుబాటు చేసింది. మనష్షే చెరలో పడి మారుమనస్సు పొందాడనీ, యోషీయా నెకో హెచ్చరిక వినలేదనీ చెప్పింది. రాజుల గ్రంథంలో ఆ రెండు మాటలూ లేవు. ఒకే బైబిల్లో ఈ రెండు కథనాలూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ఉందని రెండోదాన్ని ఎవరూ తీసెయ్యలేదు.

దుష్టుడు ఎందుకు బాగుపడతాడన్నదానికి బైబిలు ఇచ్చే జవాబుల్లో అన్నిటికంటే సాదాది, ప్రసంగాల్లో అన్నిటికంటే తక్కువ వినబడేది ఒకటుంది. దుర్మార్గం లాభసాటి కాబట్టి. నాబోతు కథ మొత్తం ఇదే.

యెజ్రెయేలులో అహాబు రాజు నగరుకు ఆనుకుని నాబోతు ద్రాక్షతోట ఉంది. రాజు దాన్ని కూరగాయల తోట చేసుకోవాలనుకున్నాడు. మంచి తోట బదులిస్తానన్నాడు, లేదా డబ్బిస్తానన్నాడు. నాబోతు ఒప్పుకోలేదు. తాతల నాటి భూమి ఇవ్వడం తనకు కుదరదన్నాడు. ఇది మొండితనం కాదు. ఇశ్రాయేలు చట్టం ప్రకారం భూమి దేవుడిది, దాన్ని శాశ్వతంగా అమ్మకూడదు. రాజు ఇంటికొచ్చి, అన్నం తినకుండా మొహం తిప్పుకుని పడుకున్నాడు. రాణి యెజెబెలు పని అందుకుంది. ఆమె మనుషుల్ని పంపి నరికించలేదు, గమనించాలి. రాజు పేరుతో ఉత్తరాలు రాసి, రాజు ముద్ర వేసి, ఊరి పెద్దలకు పంపింది. ఉపవాసం చాటించారు. నాబోతును సభలో అందరి ముందు కూర్చోబెట్టారు. ఇద్దరు సాక్షులు లేచి, వీడు దేవుణ్ణీ రాజునూ దూషించాడన్నారు. చట్టానికి ఇద్దరు సాక్షులు కావాలి, ఇద్దరూ ఉన్నారు. ఊరి బయటికి తీసుకుపోయి రాళ్ళతో కొట్టి చంపారు. రాజుల రెండో గ్రంథం 9వ అధ్యాయం ఇంకో మాట చెబుతుంది. నాబోతుతో పాటు అతని కొడుకుల రక్తం కూడా కారింది. అంటే, రేపు వచ్చి తోట మాదని అడిగే వారసుడు మిగలలేదు.

కాగితం, ముద్ర, ఇద్దరు సాక్షులు, ఊరి పెద్దల మౌనం. అడంగల్‌లో పేరు మారిపోయిందని ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్ళకు ఈ కథను విడమర్చి చెప్పాల్సిన పని లేదు. అహాబు తోట అనుభవించింది దేవుడు దీవించినందుకు కాదు, ఒకణ్ణి చంపినందుకు. కొత్త నిబంధనలో యాకోబు తన పత్రికలో, అంటే సంఘాలకు రాసిన ఉత్తరంలో, ఇదే సంగతి కూలి గురించి అన్నాడు. చేలు కోసినవాళ్ళకు ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొరపెడుతోందట. పడమటి కర్నూలు నుంచి పత్తి ఏరడానికో మిరపకాయలు కోయడానికో గుంటూరు వైపు సుగ్గికి పోయి, ఒప్పుకున్న కూలిలో కోత పడి తిరిగొచ్చిన కుటుంబానికి ఆ వాక్యం వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది. ఆసామి మేడ మీద లేచిన రెండో అంతస్తులో ఆ కోత పెట్టిన కూలి ఉంది. దాన్ని దేవుడి మర్మం అనడం కంటే దొంగతనం అనడం నిజానికి దగ్గర.

సరే, మనుషుల సంగతి అది. మరి దేవుడు చూస్తూ ఎందుకు ఊరుకుంటాడు?

యేసు కొండమీద ప్రసంగంలో వాన మాట ఎత్తాడు. తండ్రి చెడ్డవాళ్ళ మీదా మంచివాళ్ళ మీదా ఎండ కాయిస్తాడు, నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా వాన కురిపిస్తాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన పడే అనంతపురంలో ఈ మాట విన్నప్పుడు దాని బరువే వేరు. ఇక్కడ వాన అంటే వాతావరణం కాదు, బతుకు. జూన్ పదును దొరికిందా లేదా, వేరుశెనగకు ఊడలు దిగేటప్పుడు ఒక తడి పడిందా లేదా అన్నదాని మీద ఏడాది పొడుగునా తినే తిండి ఆధారపడి ఉంటుంది. మబ్బు పాస్‌బుక్ చూసి కురవదు. వడ్డీ వ్యాపారి పదెకరాలూ, అప్పు పడ్డవాడి రెండెకరాలూ ఒకే వానకు తడుస్తాయి. యేసు దీన్ని దేవుడి పొరపాటుగా చెప్పలేదు, దేవుడి గుణంగా చెప్పాడు. శత్రువుల్ని ప్రేమించమని చెబుతూ ఉదాహరణగా ఎత్తింది ఈ వాననే. తేడా వచ్చేది వాన వెలిశాక. డబ్బున్నవాడు ఆరేడు వందల అడుగుల బోరు వేయించి పక్క చేని కింద నీళ్ళు కూడా లాగుతాడు, లేనివాడి బావి ఎండుతుంది. ఆకాశం పంచింది సమానంగానే. కింద మోటారు పెట్టినవాడు మళ్ళీ పంచుకున్నాడు.

యేసు చెప్పిన గోధుమలు, గురుగుల ఉపమానం దగ్గర తెలుగు పాఠకుడు ఒక్కచోట తడబడతాడు. సీమ చేలల్లో గురుగు అంటే గులాబీ రంగు కంకి వేసే మొక్క. లేతగా ఉన్నప్పుడు ఆకు కోసి పప్పులోనూ వేసుకుంటారు. దాన్ని పైరులో గుర్తు పట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. మరి పనివాళ్ళు పీకేస్తామంటే యజమాని ఎందుకు వద్దన్నాడు? యేసు చెప్పిన కలుపు వేరే. పాలస్తీనా గోధుమ చేలల్లో మొలిచే ఒక రకం గడ్డి అది. వెన్ను తీసేదాకా అచ్చం గోధుమలాగే ఉంటుంది. కేసీ కెనాల్ కింద వరి పండించేవాళ్ళు ఊద గడ్డి అనుకుంటే సరిపోతుంది. కలుపు తీసే కూలీలు ఊద అనుకుని వరి పీకిన సందర్భాలు ప్రతి మడిలోనూ ఉంటాయి. ఉపమానంలో వెన్ను తీశాక పనివాళ్ళు గుర్తు పట్టారు, కానీ అప్పటికి వేళ్ళు పెనవేసుకున్నాయి. పీకితే గోధుమలు కూడా లేచివస్తాయన్నాడు యజమాని. కోత దాకా రెంటినీ కలిసి ఎదగనియ్యమన్నాడు.

వేళ్ళు పెనవేసుకోవడం అంటే ఏమిటో సీమకు బాగా తెలుసు. ఫ్యాక్షన్ రోజుల్లో ఒక నాయకుడి మీద దెబ్బ పడితే ముందు దీపం ఆరిపోయింది ఆయన వెంట తిరిగిన పేదవాళ్ళ ఇళ్ళలో. చెడ్డవాడు ఒంటరిగా ఉండడు. వాడికీ పెళ్ళాం పిల్లలుంటారు, వాడి దగ్గర పనిచేసే పదిమంది ఉంటారు. బైబిల్లో దీనికి ఒక చిత్రమైన ఉదాహరణ రెండో యరొబాము. ఉత్తర ఇశ్రాయేలును 41 ఏళ్ళు ఏలాడు, పోగొట్టుకున్న సరిహద్దులు తిరిగి తెచ్చాడు. గ్రంథకర్త అతన్ని చెడ్డ రాజనే అన్నాడు. మరి గెలుపులెందుకు? ప్రజలు పడుతున్న బాధ చాలా ఘోరంగా ఉందని, వాళ్ళకు సాయం చేసేవాడు లేడని దేవుడు చూశాడట. అందుకని ఈ చెడ్డ రాజు చేతనే వాళ్ళను రక్షించాడట. రాజు వైభవం రాజు కోసం కాదన్నమాట. ఆ వైభవం పేదలదాకా చేరిందా అంటే, అది వేరే కథ. అదే కాలంలో ఆమోసు అనే పశువుల కాపరి వచ్చి, చెప్పుల జతకు పేదవాణ్ణి అమ్మేస్తున్నారనీ, దంతపు మంచాల మీద పడుకుంటున్నారనీ గొంతెత్తాడు. ఆ దేశపు రాజధాని సమరయలో 20వ శతాబ్దంలో జరిగిన తవ్వకాల్లో చెక్కుడు పనిచేసిన ఏనుగు దంతపు ముక్కలు వందలకొద్దీ దొరికాయి.

పాపం పండాలి అంటాం తెలుగులో. బైబిల్లో దానికి చాలా దగ్గరి మాట ఆదికాండం 15వ అధ్యాయంలో ఉంది. నీ సంతానానికి ఈ దేశం ఇస్తాను గానీ ఇప్పుడు కాదు, అక్కడ ఉంటున్న అమోరీయుల అక్రమం ఇంకా సంపూర్ణం కాలేదు అన్నాడు దేవుడు అబ్రాహాముతో. పండేదాకా ఎన్నేళ్ళు? నాలుగు వందలు. ఇలాంటి గడువును అపొస్తలులు పౌలు, పేతురు ఇద్దరూ దేవుడి ఓర్పుగానే చెప్పారు. ఎవరూ నశించకూడదని, మారడానికి టైమ్ ఇస్తున్నాడని. వినడానికి హాయిగా ఉంటుంది. కానీ ఆదికాండం అదే అధ్యాయంలో దాని ఖర్చు కూడా రాసి ఉంది. అమోరీయుల పాపం పండే ఆ నాలుగు వందల ఏళ్ళూ అబ్రాహాము పిల్లలు పరాయి దేశంలో దాసులుగా శ్రమ పడాలి. దుష్టుడికి ఇచ్చిన గడువుకు వడ్డీ కట్టేది ఇంకొకరు. అహాబు విషయంలోనూ అంతే. ఏలీయా ప్రవక్త శాపం విని అతను గోనెపట్ట కట్టుకున్నాడు. దేవుడు ఆ ఒక్క పనికే శిక్షను అతని కొడుకు కాలానికి వాయిదా వేశాడు. నాబోతు భార్య బతికి ఉంటే ఆ వాయిదా గురించి ఏమనుకునేదో గ్రంథం రాయలేదు. ప్రకటన గ్రంథంలో మాత్రం హతసాక్షుల ప్రాణాలు బలిపీఠం కింద నుంచి "ఎంతకాలం?" అని కేకలు వేస్తాయి. వాళ్ళకు తెల్లని బట్టలిచ్చి, ఇంకా కొంచెం కాలం ఆగమన్నారు. పరలోకంలో కూడా ఆ ప్రశ్న ఆగలేదు.

అందుకే, ఎవడైనా చెడ్డవాడికి పక్షవాతం వస్తేనో హైవే మీద కారు బోల్తా పడితేనో 'చూశారా, పాపం పండింది' అని ముచ్చటించుకోవడాన్ని యేసు ఒప్పుకోలేదు. సిలోయము గోపురం కూలి 18 మంది చచ్చిపోయినప్పుడు, వాళ్ళు యెరూషలేములో అందరికంటే ఎక్కువ పాపులనుకుంటున్నారా అని ఎదురు ప్రశ్న వేశాడు. పండిందో లేదో చూసి చెప్పే పని మన చేతిలో పెట్టలేదు.

మళ్ళీ ఆసాపు దగ్గరికి. అతను దుష్టుల ఒళ్ళు కూడా వర్ణించాడు. పుష్టిగా ఉంటారట, కొవ్వెక్కి కళ్ళు ఉబ్బి ముందుకొచ్చాయట. నా మనసు శుభ్రంగా ఉంచుకోవడం దండగే అయ్యిందన్నాడు. ఈ మాట పైకి అంటే దేవుడి పిల్లల తరానికి ద్రోహం చేసినట్టవుతుందని కొంతకాలం దిగమింగుకున్నాడు కూడా. తర్వాత దేవుడి పరిశుద్ధ స్థలంలోకి వెళ్ళాడు. వాళ్ళ అంతం అక్కడ అర్థమైందన్నాడు. ఆ రెండు వచనాల మధ్య బయట ఏమీ మారలేదు. దుష్టుడి ఎకరాలు అలాగే ఉన్నాయి. మారింది చూపు. మొదట్లో జారబోయింది తన కాలు, ఇప్పుడు జారుడు నేల మీద నిలబడింది వాళ్ళు.

వేరుశెనగ రైతు దీన్ని సులువుగా పట్టుకుంటాడు. వానలు ఎక్కువై చెట్టు ఏపుగా లేచి, చేను పచ్చగా కళకళలాడే ఏడు ఉంటుంది. గట్టు మీద నుంచి చూసినవాడు ఈసారి ఇతనిదే రాజ్యం అనుకుంటాడు. రైతు వంగి ఒక చెట్టు పీకి, మట్టి దులిపి చూస్తే రెండో మూడో కాయలు. ఆకు బలిసింది, ఊడ దిగలేదు. గట్టు మీదివాడిదీ చెట్టు పీకినవాడిదీ ఒకే చేను. 37వ కీర్తనలో భక్తిహీనుడు విస్తరించిన చెట్టులా ఉండటం చూశాననీ, మళ్ళీ వచ్చి వెదికితే కనబడలేదనీ ఉంది.

ఈ అంతం చావుతో ఆగదన్నది కొత్త నిబంధన గట్టిగా చెప్పే మాట. ధనవంతుడు, లాజరు కథలో ధనవంతుడు దొంగ అని ఎక్కడా లేదు. గుమ్మం ముందు కురుపులతో పడున్నవాణ్ణి చూడలేదు, అంతే. ఆ కథలో బిచ్చగాడికి పేరుంది, ధనవంతుడికి లేదు. అయితే ఈ బోధను ఒక రకంగా వాడుకోవడం కూడా జరుగుతుంటుంది. పరలోకంలో చూసుకుందాంలే, ఇక్కడ నోరు మూసుకోమని కూలీకి చెప్పడం. ఏలీయా అలా చెప్పలేదు. నాబోతు తోటలోకే వెళ్ళి రాజును నిలబెట్టి అడిగాడు. యాకోబు కూడా పత్రిక రాసి ధనవంతుల్నే ఏడవమన్నాడు.

యిర్మీయా అడిగినదానికి దేవుడు ఓదార్చనైనా లేదు. నడిచేవాళ్ళతో పరుగెత్తే అలసిపోతే గుర్రాల వాళ్ళతో ఎలా పోటీ పడతావన్నాడు. యోబుకు సుడిగాలిలో నుంచి అడవి గాడిద గురించి, నిప్పుకోడి గురించి చెప్పాడు గానీ, మొదటి రెండు అధ్యాయాల్లో సాతానుతో జరిగిన మాటామంతీ మాత్రం చెప్పలేదు. ఆ సంగతి చదివేవాళ్ళకు తెలుసు, యోబుకు చివరిదాకా తెలియలేదు.

హబక్కూకు అడిగినదానికి వచ్చిన జవాబు మరీ ఇబ్బందికరం. యూదాలో అన్యాయం చూసి ఊరుకున్నావేమని అడిగితే, కల్దీయుల్ని, అంటే బబులోను వాళ్ళను, రేపుతున్నానన్నాడు దేవుడు. అంతకంటే దుష్టుల్ని! ప్రవక్త కావలి గోపురం ఎక్కి, దీనికేం చెబుతావో చూస్తానని నిలబడ్డాడు. కల్దీయులకూ ఒక రోజుంది, ఆలస్యమైనా వస్తుంది, కనిపెట్టుకో అన్న మాట వచ్చింది. ఆ రోజు అతని పుస్తకంలో రాలేదు. అక్కడినుంచి అతను కరువు లెక్క మొదలుపెట్టాడు. అంజూరం పూయకపోయినా, ద్రాక్ష కాయకపోయినా, ఒలీవ కాపు లేకపోయినా, చేనిలో పైరు పంటకు రాకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా, సాలలో పశువులు లేకపోయినా. పేర్లు మారిస్తే అనంతపురంలో ఒక చెడ్డ ఏడాది అది, గొర్రెలతో సహా. అయినా యెహోవాయందు ఆనందిస్తానని అన్నాడు. ఆ చివర, పాట ఎవరికివ్వాలో, ఏ వాద్యంతో పాడాలో ఒక చిన్న గమనిక ఉంది. ప్రధాన గాయకుడికి, తంతివాద్యాలతో అని.